కెనడా సెటిల్‌మెంట్ సేవలు, వాటి వెనుక ఉన్న పరిశోధన భాగస్వామ్యాలు: ఒక వాడుకరి సమీక్ష

కెనడాకు శాశ్వత నివాసులుగా వచ్చేవారికి ప్రభుత్వ ఖర్చుతో సెటిల్‌మెంట్ సేవలు, అంటే కొత్త దేశంలో స్థిరపడడానికి కావలసిన సాయం, అందుతాయన్న సంగతి తెలుగువారిలో చాలామంది విన్నదే అయినా, వాటి గడప తొక్కేవారు తక్కువ. తెలిసినవారి ఇంట్లో దిగి, వాట్సాప్ గ్రూపులో నాలుగు ప్రశ్నలు అడిగి, సిన్ నంబరు (ఉద్యోగానికి, పన్నులకు కావలసిన ప్రభుత్వ సంఖ్య), బ్యాంకు ఖాతా, హెల్త్ కార్డు పనులు కానిచ్చుకుంటే స్థిరపడడం పూర్తయినట్టేనని మనవాళ్ల లెక్క. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు వీటితో పనేమిటన్న చిన్నచూపు కూడా అందులో కొంత ఉంది. నేను ఒంటారియోలోని ఒక మధ్యతరహా నగరంలో ఉంటాను. మా అమ్మగారి ఇంగ్లీషు తరగతుల వల్ల ఈ సేవలను వాడుకునే వైపు నుంచీ, మా ఊరి వలసదారుల భాగస్వామ్య మండలి సమావేశాలకు వెళ్తుండడం వల్ల వాటికి రూపమిచ్చే వైపు నుంచీ చూసే అవకాశం నాకు కలిగింది. కాబట్టి ఈ సమీక్ష ఒక కార్యాలయం గురించో, అక్కడి ఉద్యోగి మర్యాద గురించో కాదు. సేవాసంస్థలు, నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయ పరిశోధకులు, వలస వచ్చినవారు ఒకచోట కూర్చుని ఊరికి ఏమి కావాలో తేల్చే ఏర్పాటు ఒకటి ఇక్కడ ఉంది. దాని ఫలితం సేవ కోసం వచ్చిన మనిషికి నిజంగా ఎంత చేరుతోందన్నదే నేను చూడదలచిన విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎవరికి ఏమి కావాలో తెలుసుకోవడంలో ఈ వ్యవస్థకు వంక పెట్టలేము, తెలిసినదాన్ని ఆచరణలో పెట్టడంలో మాత్రం సగానికి సగం వెనుకబడి ఉంది.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో పుట్టింది కాదు. 1996లో మెట్రోపొలిస్ ప్రాజెక్టు పేరిట, కేంద్ర వలస మంత్రిత్వ శాఖ, సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే మండలి కలిసి, మాంట్రియల్, టొరంటో, వాంకూవర్‌తో పాటు ప్రెయిరీ అనే పశ్చిమ మైదాన ప్రాంతంలోనూ విశ్వవిద్యాలయాల ఆధారంగా పరిశోధన కేంద్రాలు నెలకొల్పాయి. తరువాత అట్లాంటిక్ ప్రాంతానికీ ఒకటి వచ్చింది. వలసలపై ప్రభుత్వం ఏదైనా నిర్ణయం తీసుకునేముందు పరిశోధకులనూ, క్షేత్రంలో పనిచేసే సంస్థలనూ సంప్రదించే అలవాటు చాలావరకు అక్కడే మొదలైంది. 2012లో ఆ కేంద్రాలకు నిధులు ఆగిపోయాయి. ఆ ఖాళీని పూరించడానికి వచ్చినవాటిలో ముఖ్యమైనది పాత్‌వేస్ టు ప్రాస్పెరిటీ అనే భాగస్వామ్యం. ఒంటారియోలోని లండన్ నగరంలో ఉన్న వెస్టర్న్ యూనివర్సిటీలో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తగా పనిచేసే విక్టోరియా ఎసెస్ దీనికి నాయకత్వం వహించారు. విశ్వవిద్యాలయాలు, సెటిల్‌మెంట్ సంస్థలు, వివిధ స్థాయుల ప్రభుత్వాలు ఇందులో సభ్యులు. ఏటా జాతీయ సదస్సు జరుపుతారు, నివేదికలు ఉచితంగా అందరికీ అందుబాటులో పెడతారు, ఎక్కడో ఒక ఊళ్లో ఫలించిన పద్ధతిని మరో ఊరు అందుకునేలా చిన్న చిన్న పత్రాలుగా రాసి పంచుతారు. ఆ చిన్న పత్రాలే నాకు బాగా నచ్చినవి. పెద్ద నివేదికలు చదివే ఓపిక సెటిల్‌మెంట్ వర్కర్లకు ఎక్కడ ఉంటుంది?

వీటికి కింద, ఊరి స్థాయిలో పనిచేసేవి లోకల్ ఇమిగ్రేషన్ పార్ట్‌నర్‌షిప్‌లు. అందరూ ఎల్‌ఐపీ అంటారు. నేను మొదట చెప్పిన వలసదారుల భాగస్వామ్య మండలి ఇదే. 2005లో కెనడా, ఒంటారియో ప్రభుత్వాల మధ్య కుదిరిన వలస ఒప్పందం ఆధారంగా 2008లో మొదటి ప్రతిపాదనలు పిలిచారు. ఒంటారియోలో నిలదొక్కుకున్నాక ఈ పద్ధతి ఇతర ప్రావిన్సులకూ పాకి, ఇప్పుడు దేశంలో 80కి పైగా ఎల్‌ఐపీలు ఉన్నాయి. ఫ్రెంచి మాట్లాడే వలసదారుల కోసం వేరుగా ఇలాంటి వ్యవస్థలే పనిచేస్తాయి. క్యూబెక్ మాత్రం 1991 ఒప్పందం ప్రకారం తన సెటిల్‌మెంట్ వ్యవహారాలు తానే చూసుకుంటుంది కనుక ఈ సమీక్షలోని చాలా మాటలు అక్కడికి వర్తించవు.

ఎల్‌ఐపీ గురించి మొదట తెలుసుకోవలసినది, అది నేరుగా ఎవరికీ సేవ చేయదు. అక్కడికి వెళ్లి రెజ్యూమె దిద్దమంటే దిద్దరు, ఫారం నింపమంటే నింపరు. నగరపాలక సంస్థ, పాఠశాల బోర్డులు, ప్రజారోగ్య విభాగం, పోలీసు శాఖ, గ్రంథాలయం, వాణిజ్య మండలి, సెటిల్‌మెంట్ సంస్థలు, కాలేజీ లేదా విశ్వవిద్యాలయం ప్రతినిధులను ఒక మండలిగా కూర్చోబెట్టి, ఉద్యోగం, ఆరోగ్యం, భాష, గృహవసతి వంటి అంశాలకు ఉపసంఘాలు వేసి, కొన్నేళ్లకు సరిపడే ప్రణాళిక రాయించడం దాని పని. ఇది వినడానికి ఉత్త మీటింగుల వ్యవహారంగా తోస్తుంది. కొన్ని ఊళ్లలో అది నిజంగానే అంతకు మించి ముందుకు పోలేదని కూడా విన్నాను. కానీ మా ఊళ్లో నేను చూసిన ఒక సమావేశం ఈ పద్ధతి విలువను నాకు తెలియజెప్పింది. సాయంత్రపు ఇంగ్లీషు తరగతులకు పేరు నమోదు చేసుకున్నవారు మధ్యలోనే మానేస్తున్నారని ఒక సంస్థ ప్రతినిధి గణాంకాలు చూపించారు. చదువుపై ఆసక్తి తగ్గిందనీ, ఇంటి బాధ్యతలనీ తలా ఒక కారణం చెబుతుండగా, వలసదారుల తరఫున సభ్యురాలిగా ఉన్న ఒక ఆఫ్రికన్ మహిళ చేయి ఎత్తి, తరగతి ముగిసేది తొమ్మిది గంటలకు, ఆ దారిన చివరి బస్సు అంతకు ముందే వెళ్లిపోతుంది అన్నారు. రవాణా విభాగం ప్రతినిధి అదే గదిలో ఉన్నారు. బస్సు వేళ మారలేదు కానీ, తరగతి అరగంట ముందే ముగిసేలా వేళ మార్చారు. వేర్వేరు భవనాల్లో కూర్చునేవారు ఒక్క బల్ల దగ్గర చేరకపోతే ఆ అరగంట ఎవరికీ తట్టేది కాదు.

పరిశోధన వైపు చూస్తే, ఈ మండలులకు ఆదిలోనే ఒక మంచి కొలబద్ద దొరికింది. వలస వచ్చినవారిని ఆదరించే ఊరికి ఉండవలసిన లక్షణాలేమిటన్నదానిపై ఎసెస్ బృందం 2010లో ఒక నివేదిక తయారుచేసి, 17 లక్షణాలను ప్రాధాన్య క్రమంలో పేర్చింది. మొదటిది ఉద్యోగావకాశాలు. రెండవది పరిచయాలు, పరస్పర నమ్మకం, ఒకరికొకరు సాయపడే సంబంధాలు పెంపొందడం. మూడవది అందుబాటు ధరలో తగిన ఇల్లు. స్థానికుల సానుకూల వైఖరి, సేవాసంస్థల సమర్థత ఆ తరువాత వస్తాయి. ప్రజా రవాణా, పోలీసులతో సంబంధాలు, ఆటస్థలాలు, పత్రికల్లో వలసదారుల గురించి వచ్చే వార్తల తీరు వరకు జాబితా సాగుతుంది. ఇందులో నాకు నచ్చింది లక్షణాల సంఖ్య కాదు, క్రమం. పండుగ రోజున అన్ని దేశాల వంటలు, నృత్యాలు పెట్టి ఊరు అందరినీ కలుపుకొంటోందని చాటుకునే ధోరణి నగరాలకు సహజం. ఉద్యోగం, ఇల్లు లేనివాడికి ఆ వేదిక ఎందుకూ కొరగాదని ఈ క్రమం మొహమాటం లేకుండా చెప్పింది. మా ఊరి ప్రణాళికలోనూ మొదటి అధ్యాయం ఉపాధి మీదే ఉంది.

ఇక సేవల విషయానికి వస్తాను. ఏ సంస్థకు వెళ్లినా మొదటి మెట్టు నీడ్స్ అసెస్‌మెంట్. సెటిల్‌మెంట్ వర్కర్ ఎదురుగా కూర్చుని కుటుంబం, చదువు, ఆరోగ్యం, ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి గురించి ఒక్కొక్కటిగా అడిగి, ఏ సేవకు పంపాలో నిర్ణయిస్తారు. మా అమ్మగారికి ఆ సంభాషణ జరిపిన అమ్మాయి తెలుగు రాకపోయినా చాలా ఓపికగా, నన్ను మధ్యలో జవాబులు చెప్పనివ్వకుండా, ఫోన్‌లో దుభాషిని పెట్టి అమ్మతోనే మాట్లాడింది. కొడుకు సమక్షంలో తల్లి చెప్పని సంగతులు ఉంటాయని ఆమెకు శిక్షణలో నేర్పారట. నిజమే, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోతున్నానన్న మాట అమ్మ మొదట చెప్పింది ఆ దుభాషికే. కుటుంబ సభ్యులను దుభాషులుగా వాడవద్దన్న నియమం ఆసుపత్రుల్లోనూ, సేవాసంస్థల్లోనూ జరిగిన ఎన్నో అధ్యయనాల నుంచి వచ్చింది. పరిశోధన తలుపు దగ్గరి దాకా చేరిన సందర్భం ఇది.

భాషా తరగతుల పేరు లింక్. 1992లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఇది. ముందుగా వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అనే నాలుగింటిలో విడివిడిగా స్థాయి పరీక్షిస్తారు. కెనడియన్ లాంగ్వేజ్ బెంచ్‌మార్క్స్ అనే కొలతలో మొత్తం 12 స్థాయులు ఉంటాయి. 18 నుంచి 54 ఏళ్ల మధ్యవారు పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే వినడం, మాట్లాడడంలో నాలుగవ స్థాయి చూపించాలి. లింక్‌లో ఆ స్థాయి పూర్తిచేసిన ధ్రువపత్రం అందుకు చెల్లుతుంది. ఆ వయసు దాటినందువల్ల అమ్మకు ఆ అవసరం లేకపోయినా, డాక్టరు దగ్గర తన మాట తానే చెప్పుకోవాలన్న పట్టుదలతో చేరింది. తరగతిలో ప్రతివారికీ లాంగ్వేజ్ కంపానియన్ అనే లావుపాటి ఫైలు ఇస్తారు. నేర్చుకున్న ప్రతి పనికీ ఒక కాగితం అందులో చేరుతుంది: డాక్టరు అపాయింట్‌మెంటు మార్చుకోవడానికి ఫోన్ చేయడం, అద్దె ఒప్పందంలో తేదీలు గుర్తించడం, బడి నుంచి వచ్చిన నోటీసు చదివి జవాబు రాయడం. ప్రతి కాగితంపైనా టీచరు ఏది కుదిరిందో, ఏది ఇంకా కుదరలేదో రాస్తారు. వ్యాకరణం మొదటి పేజీ నుంచి బట్టీ పట్టించే పద్ధతికి అలవాటుపడిన నాకు ఇది మొదట పిల్లల ఆటలా అనిపించింది కానీ, క్లినిక్ రిసెప్షనిస్టుతో అమ్మ స్వయంగా మాట్లాడి తేదీ మార్పించుకున్నప్పుడు దీని లాభం కళ్లారా కనిపించింది. ఆ కాగితాలు తయారుచేయడం, దిద్దడం, ఫైలు చేయించడంలో బోధన సమయం హరించుకుపోతోందన్న టీచర్ల ఫిర్యాదు కూడా అంతే వాస్తవం. ఈ మూల్యాంకన విధానాన్ని ప్రవేశపెట్టినప్పటి నుంచి టీచర్ల సంఘాలు ఆ మాట చెబుతూనే ఉన్నాయి. విద్యార్థి ప్రగతిని కొలవడం ముఖ్యమే, అయితే కొలిచేవారి చేతికి ఊపిరి సలపని పని ఇవ్వడం సబబు కాదు.

చిన్నపిల్లల తల్లులు చదువుకోవడానికి కొన్ని కేంద్రాల్లో అదే భవనంలో శిశుసంరక్షణ ఉంటుంది. ఇది ఉన్న కేంద్రానికీ లేని కేంద్రానికీ మధ్య తేడా తరగతి గదిలోకి తొంగిచూస్తేనే తెలుస్తుంది. ఒంటారియోలో 1999 నుంచి పాఠశాలల్లోనే సెటిల్‌మెంట్ వర్కర్లను కూర్చోబెట్టే కార్యక్రమం నడుస్తోంది. కొన్ని ఊళ్లలో ప్రజా గ్రంథాలయాల్లోనూ వారు ఉంటారు. సంస్థ కార్యాలయానికి వెళ్లడానికి జంకేవారు కూడా పిల్లల బడికి, లైబ్రరీకి ఎలాగూ వెళతారు కనుక సేవే వారి దారికి వచ్చిందన్నమాట. మొత్తం వ్యవస్థలో తెలివైన నిర్ణయం ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

లోపాల్లోకి వస్తే, అన్నింటికన్నా పెద్దది అర్హత నియమం. కేంద్ర నిధులతో నడిచే సెటిల్‌మెంట్ సేవలు ప్రధానంగా శాశ్వత నివాసులకూ, శరణార్థులుగా గుర్తింపు పొందినవారికీ మాత్రమే. స్టడీ పర్మిట్ మీద ఉన్న విద్యార్థులకు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవారిలో అత్యధికులకు, శరణు కోరి తీర్పు కోసం ఎదురుచూస్తున్నవారికి చాలావరకు తలుపు మూసే ఉంటుంది. పౌరసత్వం వచ్చిన మరుక్షణం కూడా మూసుకుంటుంది. తెలుగువారికి ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది వచ్చేది విద్యార్థులుగానే. పీఆర్ (శాశ్వత నివాస హోదా) చేతికి వచ్చేసరికి కొన్నేళ్లు గడిచిపోతాయి. అద్దె ఇంట్లో మోసపోయేదీ, ఏజెంటు చేతిలో నష్టపోయేదీ, పనిచోట జీతం ఎగ్గొడితే ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకునేదీ ఆ మొదటి ఏళ్లలోనే. సాయం అవసరమైన కాలంలో అర్హత ఉండదు, అర్హత వచ్చాక ఆ సాయంతో అంతగా పని ఉండదు. ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా వంటి ప్రావిన్సుల సొంత నిధులతో నడిచే కొన్ని కార్యక్రమాలు శరణు కోరుతున్నవారినీ, పౌరులైనవారినీ, కొన్నిచోట్ల తాత్కాలిక నివాసులనూ చేర్చుకుంటాయి. అయితే వాటి పరిధి చిన్నది, ఊరూరికీ మారుతుంది.

ఇందులో నన్ను బాధించే సంగతి ఏమిటంటే, ఈ లోపం ఎవరికీ తెలియనిది కాదు. తాత్కాలిక నివాసుల సమస్యల గురించి పరిశోధకులు రాశారు, సదస్సుల్లో మాట్లాడారు, ఎల్‌ఐపీల ప్రణాళికల్లో ఆ వాక్యం ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. మా ఊళ్లోని ఒక సంస్థకు, హాస్టల్ గదిలో అనారోగ్యంతో ఉన్న ఒక తెలుగు విద్యార్థిని గురించి నేను ఫోన్ చేసినప్పుడు, అవతలి మనిషి గొంతులో జాలి వినిపించింది గానీ, ఫైలు తెరవడానికి కావలసిన గడిలో నింపడానికి ఆ అమ్మాయి దగ్గర సరైన నంబరు లేదు. చివరికి ఆమె కాలేజీలోని విద్యార్థి సేవల విభాగమే ఆదుకుంది. ఆ ఉద్యోగిని తప్పుపట్టను. నిధుల ఒప్పందం అలా ఉంది, లెక్క చెప్పవలసినది ఆమె సంస్థే.

రెండవ లోపం సర్వేలది. సమాజంతో కలిసి పరిశోధన చేయడమంటే ప్రశ్న కూడా సమాజం నుంచే రావాలి. అలా జరిగినచోట ఫలితం ఎలా ఉంటుందో చూపడానికి ఒక మంచి ఉదాహరణ 2021 నాటిది. లండన్, మిడిల్‌సెక్స్‌తో పాటు నైరుతి ఒంటారియోలోని పలు ప్రాంతాల ఎల్‌ఐపీలు వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి వివక్షపై సర్వేలు జరిపించాయి. వలసదారులను, శ్వేతేతరులను, ఆదివాసీలను ఒక పక్క, స్థానిక శ్వేతజాతీయులను మరొక పక్క ఉంచి ఒకే ప్రశ్నలు అడిగారు. వివక్ష ఉందా లేదా అని అడిగి ఊరుకోకుండా, ఎక్కడ, ఎవరి వల్ల, దేని కారణంగా, ఆ తరువాత ఏం చేశారు అని విడమరచి అడిగారు. పనిచోటు, ఉద్యోగ దరఖాస్తు ప్రముఖంగా బయటపడ్డాయి. ఇలాంటి వివరాలు చేతిలో ఉంటే మండలిలో కూర్చున్న వాణిజ్య ప్రతినిధి మా ఊళ్లో అలాంటివి లేవని తేలిగ్గా తోసిపుచ్చలేరు.

కానీ సాధారణంగా నా వరకు వచ్చే సర్వేలు అంత శ్రద్ధగా ఉండవు. సేవతో మీరు సంతృప్తి చెందారా అని ఐదు ముఖాల బొమ్మలు ఇచ్చి ఒకదాన్ని ఎంచుకోమంటారు. ఉచితంగా సాయం పొందిన మనిషి, అందులోనూ పెద్దవయసు మనిషి, ఆ సాయం చేసిన అమ్మాయి ఎదురుగా ఉండగా ఏ బొమ్మ నొక్కుతారో ఊహించడానికి పరిశోధకుడే కానక్కర్లేదు. నేను చూసినవాటిలో అరబిక్, స్పానిష్, మాండరిన్, పంజాబీ అనువాదాలు కనిపించాయి గానీ తెలుగు ఎక్కడా కనిపించలేదు. మన సంఖ్య ఇప్పుడు అంత చిన్నదేమీ కాదు. అడగకపోవడంలో మన సంఘాల నిర్లక్ష్యమూ ఉంది. సంక్రాంతి సంబరాలకు హాలు దొరికేలా చూసుకునే సంఘాలు మండలిలో ఒక కుర్చీ అడిగి చూడవచ్చు కదా. ఇక అన్నింటికంటే అసంతృప్తి కలిగించేది, ఫలితం తిరిగి రాకపోవడం. ఫోకస్ గ్రూపులో, అంటే పరిశోధకులు జరిపే చిన్న బృంద చర్చలో, తన కథ చెప్పుకున్న మనిషికి, నువ్వు చెప్పినదాని వల్ల ఇది మారింది, ఇది మారలేదు అని ఒక పేజీ పంపే సంస్థలు తక్కువ. అందుకే రెండోసారి పిలిస్తే జనం రారు. శరణార్థుల విషయంలో ఇది మరీ కష్టం. అధికారి ముందు, న్యాయవాది ముందు, వైద్యుని ముందు పదేపదే చెప్పుకున్న బాధను పరిశోధకుని ముందూ చెప్పమనడం మామూలు విషయం కాదు, ప్రతిఫలంగా ఒక గిఫ్ట్ కార్డు ఇస్తే సరిపోయేదీ కాదు.

శరణార్థుల ప్రస్తావన వచ్చింది కనుక, పరిశోధన తన సత్తా చూపిన రంగం ఇదేనని కూడా చెప్పాలి. కెనడాలో ప్రభుత్వం తీసుకువచ్చే శరణార్థులకు సాధారణంగా ఏడాది దాకా ఆదాయ సహాయం అందుతుంది. పౌరులు బృందాలుగా ఏర్పడి, ఖర్చు తామే భరించి శరణార్థి కుటుంబాన్ని రప్పించుకునే ప్రైవేటు స్పాన్సర్‌షిప్ మరొక దారి. 1976 వలస చట్టంలో దీనికి చోటు దొరికింది. 1979, 1980లలో వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన సుమారు 60,000 మందిలో సగానికి పైగా ఇలా వచ్చినవారే. ఆ ఆదరణకు గుర్తింపుగానే 1986లో ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ నాన్సెన్ పతకాన్ని కెనడా ప్రజలకు ఇచ్చింది. 2015 నవంబరు నుంచి 2016 ఫిబ్రవరి ఆఖరులోగా 25,000 మంది సిరియన్లు వచ్చినప్పుడు కూడా రెండు దారులూ పనిచేశాయి. ఏ దారిన వచ్చినవారు ఎలా స్థిరపడుతున్నారో చెప్పడానికి కెనడా దగ్గర ఒక అరుదైన సాధనం ఉంది. స్టాటిస్టిక్స్ కెనడా 1980 నుంచి వచ్చినవారి వలస రికార్డులను ఆదాయపు పన్ను వివరాలతో జతచేసి నిర్వహించే దీర్ఘకాలిక డేటాబేస్ అది. ప్రైవేటు స్పాన్సర్లు తెచ్చినవారికి మొదటి ఏళ్లలో ఉద్యోగాలు, సంపాదన మెరుగ్గా ఉన్నాయని, చదువు తక్కువ ఉన్నవారిలో ఈ తేడా మరింత స్పష్టమని దాని ఆధారంగా జరిగిన అధ్యయనాలు తేల్చాయి. ప్రభుత్వం ద్వారా వచ్చేవారిని ఎక్కువ దుర్బల స్థితిలో ఉన్నందువల్లే ఎంపిక చేస్తారు కనుక ఈ పోలికను జాగ్రత్తగా చూడాలి. అయినా, పరిచయస్థుల బలగం ఉన్నవాడికి పని త్వరగా దొరుకుతుందన్న నిజం, 17 లక్షణాల జాబితాలో రెండవ స్థానం దేనికి దక్కిందో గుర్తుచేస్తుంది.

పరిశోధకులు, వైద్యులు, సంఘాలు ఒక్కటైతే విధానమే మారుతుందనడానికి శరణార్థుల ఆరోగ్య బీమా మంచి నిదర్శనం. 2012లో కేంద్ర ప్రభుత్వం ఆ బీమాలో భారీగా కోతలు పెట్టింది. వైద్యులు వీధుల్లోకి వచ్చారు, ఆసుపత్రుల అనుభవాలు పత్రాలుగా వెలువడ్డాయి, వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ కోతలు క్రూరమైనవని 2014లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. 2016 ఏప్రిల్‌లో బీమా పూర్తిగా పునరుద్ధరణ అయింది. నాలుగేళ్లు పట్టిందన్న మాట కూడా మరచిపోకూడదు.

ఉద్యోగాల విషయంలో మాత్రం ఇంత చురుకుదనం కనబడదు. కెనడియన్ అనుభవం లేదన్న ఒక్క సాకుతో ఇంజనీర్లను, అకౌంటెంట్లను తిప్పిపంపడం ఎంతకాలంగా ఉందో ఎంత పరిశోధన దాన్ని ఎండగట్టిందో లెక్కలేదు. ఆ షరతు వివక్ష కిందికే వస్తుందని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లో విధానపత్రం వెలువరించింది. ఉద్యోగ ప్రకటనల్లో ఆ షరతు పెట్టరాదన్న చట్టం ఒంటారియోలో అమల్లోకి వచ్చిన తేదీ 2026 జనవరి 1. చిన్న సంస్థలను మినహాయించిన ఆ నిబంధనను ఇంటర్వ్యూ గదిలో ఎంతమంది పాటిస్తారో ముందు ముందు చూడాలి. సెటిల్‌మెంట్ సంస్థల ఉపాధి విభాగాల్లో రెజ్యూమె దిద్దడం, మాక్ ఇంటర్వ్యూలు బాగానే ఉంటాయి, కానీ వృత్తిలో అనుభవమున్న మనిషికి వాటితో పెద్దగా ఒరిగేది లేదు. అలాంటివారికి నేను సిఫారసు చేసేది మెంటరింగ్ కార్యక్రమాలే. టొరంటో ప్రాంతంలో 2003లో ఏర్పడిన టీఆర్‌ఐఈసీ అనే సంస్థ నడిపే మెంటరింగ్‌లో, అదే వృత్తిలో స్థిరపడిన వ్యక్తిని కొత్తవారికి జతచేస్తారు. ఏ కంపెనీ ఏ మాటను ఏ అర్థంలో వాడుతుందో, లైసెన్సు పరీక్షకు ముందు ఏ పని చేస్తే కలిసొస్తుందో చెప్పగలిగేది ఆ రంగంలో ఉన్న మనిషే.

నిధుల సంగతి కూడా చెప్పాలి. క్యూబెక్‌ను మినహాయించి కేంద్రం ఈ సేవలపై ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా వెచ్చిస్తుంది. ఆ డబ్బు కొన్నేళ్లకొకసారి ప్రతిపాదనలు పిలిచి, కాలపరిమితితో ఒప్పందాలు చేసుకునే పద్ధతిలో సంస్థలకు చేరుతుంది. ఒప్పందం ముగిసే ఏడాదిలో మంచి వర్కర్లు వేరే ఉద్యోగాలు చూసుకుంటారు. కుటుంబం కథంతా తెలిసిన మనిషి పోయి, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది. 2024 అక్టోబరులో ప్రభుత్వం శాశ్వత నివాసుల లక్ష్యాన్ని అంతకుముందు ప్రకటించిన 5,00,000 నుంచి 2025కు 3,95,000కు కుదించింది. సేవల నిధులూ ఆ దారినే తగ్గడంతో తరగతులు మూతపడిన చోట్లు ఉన్నాయి. తక్కువమంది వస్తున్నారు కనుక తక్కువ సేవలు చాలునన్న వాదన పైకి సబబుగా కనిపించినా, ఇప్పటికే వచ్చి స్థిరపడే దశలో ఉన్న లక్షలమంది ఎక్కడికీ పోలేదు. ఇలాంటి వేళ ముందుగా కోత పడేది నేరుగా సేవ చేయని ఎల్‌ఐపీలకు, పరిశోధనకేనన్న భయం మా మండలిలో గట్టిగా ఉంది. తరగతా, మండలా అని ఎంచుకోవలసి వస్తే నేను తరగతినే ఎంచుకుంటాను. అయితే ఆ తరగతి ఎన్ని గంటలకు ముగియాలో చెప్పేవారు అప్పుడు ఉండరు.

కొత్తగా పీఆర్ వచ్చినవారు వలస మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో తమ పోస్టల్ కోడ్ ఇచ్చి దగ్గరలోని ఉచిత సేవల జాబితా చూసుకోవచ్చు. స్థానిక సేవల సమాచారం ఇచ్చే 211 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు, దుభాషి కావాలని అడగవచ్చు. మొదటి అపాయింట్‌మెంటుకు పీఆర్ కార్డు గానీ, అది ఇంకా రాకపోతే శాశ్వత నివాస ధ్రువీకరణ పత్రం గానీ తీసుకువెళ్లాలి. తల్లిదండ్రులను తీసుకువచ్చినవారు, చిన్నపిల్లలున్నవారు శిశుసంరక్షణ, పగటి తరగతులు ఉన్న కేంద్రాల్లో నిరీక్షణ జాబితా ఎంత పొడవుందో ముందే కనుక్కుని, భాషా పరీక్షకు వెంటనే పేరు ఇవ్వడం మంచిది. విద్యార్థులు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవారు సంస్థకు ఫోన్ చేసినప్పుడు కేంద్ర నిధుల సేవలకు అర్హత లేదన్న జవాబు విని ఆగిపోకుండా, ప్రావిన్సు నిధులతో నడిచే కార్యక్రమం ఏదైనా ఉందా అని రెండో ప్రశ్న అడగాలి. అడగనిదే అవతలివారు తమంతట తాము చెప్పడం అరుదు. ఎల్‌ఐపీ ప్రణాళికలు చాలా ఊళ్లలో వారి వెబ్‌సైట్లలోనే ఉంటాయి. వలసదారుల ప్రతినిధులుగా చేరడానికి దరఖాస్తులు పిలిచినప్పుడు మీ ఊరి తెలుగు సంఘం ఒక పేరు పంపితే, వచ్చే సర్వేలో మన భాష కూడా ఉండాలని అడిగేవారు ఒకరు ఆ బల్ల దగ్గర ఉంటారు.